సన్నటి హమ్

"ఉన్నదా?" అని అడిగాడు రాజేశం.

స్పీకరుకు చెవి ఆనించిన పద్మలత, "ఉన్నది" అంది.

రాజేశం స్క్రూడ్రైవర్‌ను బల్లమీద పడేశాడు. పాత రేడియో వాల్వులు పోగేసి, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా సొంతంగా బిగించిన ఆంప్లిఫయర్ అది. పాట బాగానే వస్తుంది. పాట ఆపితేనే గుయ్‌మంటూ సన్నటి హమ్. దాన్ని పోగొట్టాలని మూడు నెలలుగా కుస్తీ పడుతున్నాడు.

తంటా ఏమిటంటే, ఆ హమ్ అతనికి వినబడదు. సిరిసిల్లలో ముప్పయ్యేళ్లు పవర్‌లూమ్‌లు నడిపి, ఆ మోతకు మొద్దుబారిన చెవులవి. మనిషి గట్టిగా మాట్లాడితేనే పట్టుకుంటాయి. అందుకే భార్య చెవులే దిక్కయ్యాయి.

లూమ్‌ల షెడ్డు మూతపడ్డాక అతను ఏడాదిపాటు గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. బతిమాలితే తప్ప అన్నం ముట్టలేదు. ఈ పని మొదలుపెట్టాకే పొద్దున్నే లేస్తున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు.

కరీంనగర్‌లో రేడియోలు బాగుచేసే పర్శరాములు ఫోన్‌లో చెప్పినవన్నీ చేశాడు. పెద్ద కెపాసిటర్లు వేశాడు. వాల్వులను వేడిచేసే తీగలను మెలిపెట్టి ఓ మూలకు జరిపాడు. ఎర్తు తీగలన్నీ ఒక్కచోటికే కలిపాడు. ఇంట్లో ఫ్రిజ్ ఆపించాడు. ఎదురింటి నీళ్ల మోటారు ఆగేదాకా కాచుకుని కూర్చున్నాడు. ప్రతిసారీ పద్మలతను పిలిచాడు. ప్రతిసారీ అదే జవాబు.

ఆ సాయంత్రం మళ్లీ ఫోన్ చేస్తే పర్శరాములు కూడా విసిగిపోయాడు.

"నాకు తెలిసినయన్నీ చెప్పిన రాజేశమన్నా. ఇగ నాతోని గాదు."

రాజేశం ప్లగ్గు పీకేశాడు. ఆంప్లిఫయర్‌ను అట్టపెట్టెలో పెట్టి మూసేశాడు.

"పాత సామానోడు వస్తే గిది ఇచ్చెయ్. నాతోని ఏ పనీ గాదు," అని మంచం మీద వాలి, గోడవైపు తిరిగాడు.

పద్మలత కాసేపు అతని వీపు వైపే చూసింది. తర్వాత పెట్టె తెరిచి, ఆంప్లిఫయర్‌ను తానే బల్లమీదికి చేర్చి ప్లగ్గు పెట్టింది. స్పీకరు దగ్గర చాలాసేపు కూర్చుంది. లేచొచ్చి అతని భుజం తట్టి గట్టిగా చెప్పింది.

"ఇయ్యాల జర తగ్గింది."

అతను లేచి కూర్చున్నాడు. "ఎంత?"

"సగానికి సగం."

"గీ ముచ్చట ముందుగాలనే జెప్పొద్దా?" అంటూ కళ్లద్దాలు వెతుక్కున్నాడు. ప్లగ్గు తీసి, మళ్లీ స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. ఎర్తు తీగ ఇంకొంచెం పొట్టిగా చేస్తే మిగతా సగం కూడా పోతుందన్నాడు.

పద్మలత అవునంటూ తలూపి, పీట లాక్కుని పక్కనే కూర్చుంది.

ఆ హమ్ పూర్తిగా పోయి అప్పటికే రెండు నెలలైంది.