రాసే చెయ్యి

సూర్యాపేట బస్సుకు గంట టైముందనగా జయరాజు భార్య కుడిచేతిని గడప మీద అదిమిపెట్టి రోకలితో మోదాడు. రెండే దెబ్బలు. మూడు వేళ్లు చితికిపోయాయి.

“ఇగ రాయి నీ ఎం.ఏ. పరీక్ష! పగలంత మిర్యాలగూడ మిల్లుల కొలువు, ఇంటికొస్తే ముంగట పుస్తకం. మాకు తిండెవరు పెడ్తరు?”

ఉషారాణి ఏడవలేదు. చున్నీ చింపి చేతికి చుట్టుకుంది. హాల్‌టికెట్ తీసుకుని బస్సెక్కింది.

పరీక్ష హాల్లో సారు నెత్తురు చూసి కంగారుపడ్డాడు. “ముందుగాల దవాఖానకు పోరాదమ్మా. ఈ చేత్తోని ఎట్ల రాస్తవు?”

“రాస్త సార్. పేపర్ ఇయ్యిండ్రి.”

పెన్ను మూత పళ్లతో లాగి, ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టింది.

చిన్నప్పటి నుంచీ ఆమె రాత ఆ చేత్తోనే. పెళ్లయిన కొత్తలో ఎడమచేత్తో గరిటె పట్టిందని అత్త వాత పెట్టింది. దాంతో వంటా వడ్డనా కుడిచేతికి నేర్పుకుంది. రాత మాత్రం మార్చుకోలేదు. నోట్సంతా మిల్లులో భోజనం వేళ రాసుకునేది. పదేళ్ల కాపురంలో ఆమె రాస్తుంటే జయరాజు ఒక్కసారి కూడా చూడలేదు.

అతను విరగ్గొట్టింది తనకు అన్నం పెట్టే చేతిని.