బడి లేని రోజు లెక్క

"అయిదయింది. రేపు రండి" అన్నాడు అటెండరు.

"అభ్యంతరాలకు ఇవాళే ఆఖరని కాగితంలో ఉంది కదా బాబూ! అయినా అయిదవడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి."

"మా గడియారం అంతేలెండి. ఇంటికెళ్ళే వేళకి పరుగెత్తుతుంది."

గుమ్మం దగ్గర మాటలు విని లోపల ఇంజనీరమ్మ తలెత్తింది.

ఆమె బల్ల నిండా ఒక పెద్ద ప్లాను పరిచి ఉంది. రెండు ఎత్తయిన భవనాలు, కింద దుకాణాలు, మూడు వందల కార్లకు సెల్లారు. వాటి ట్రాఫిక్, పార్కింగ్ ఏర్పాట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం ఆమె పని. నాలుగు రోజులుగా చూసింది. దారి వెడల్పు, మలుపులు, సెల్లారులోకి దిగే వాలు, అన్నీ అతికినట్టు సరిపోయాయి. కలం మూత కూడా తీసింది.

"రానివ్వు" అంది.

లోపలికి వచ్చినాయనకు అరవై దాటి ఉంటాయి. వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని నల్లటి గ్రీజు. కుర్చీ చూపిస్తే, దాని గుడ్డ పాడవుతుందని నిలబడే ఉన్నాడు.

"చెప్పండి పెద్దాయనా."

"కార్లు బయటికొచ్చే గేటు బడి సందులోకి పెట్టారమ్మా. అది వద్దు."

"ఆ సందులో రద్దీ లేదండీ. మనుషుల్ని నిలబెట్టి లెక్క తీశారు. ఇదిగో, పొద్దున గంటసేపట్లో నడిచి వెళ్ళింది పదకొండు మంది."

ఆయన నవ్వాడు.

"తారీఖు చూడండమ్మా. ఆ రోజు బడి సెలవు."

"మీకంత బాగా ఎలా గుర్తుంది?"

"సైకిళ్ళు బాగుచేస్తాను. పిల్లలు రాని రోజు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడమే నా పని. ఆ లెక్కలవాళ్ళకి మంచినీళ్ళిచ్చింది నేనే. రేపొచ్చి చూడండయ్యా అని కూడా అన్నాను. రేపు వాళ్ళకి ఇంకో వీధట."

ఇంజనీరమ్మ కలానికి మూత పెట్టింది.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు తనే ఆ సందు మొదట్లో నిలబడింది. ఒక్కో పిల్లకు ఒక్కో గీత. తొమ్మిదింటికల్లా గీతలు పెట్టడం మానేసింది. చెయ్యి అందుకోలేకపోయింది.

బూటు తాడు ఊడిన ఒక చిన్నపిల్ల సందు నడుమ కూర్చుని తీరిగ్గా కట్టుకుంటోంది. ప్లానులో సరిగ్గా అక్కడే బాణం గుర్తు ఉంది, కార్లు బయటికి అని.

బిల్డరు తరఫు మనిషి ఆదరాబాదరా వచ్చాడు.

"ఆ సైకిళ్ళవాడి మాట పట్టుకుని వచ్చేశారా మేడం? వాడి బేరమంతా ఈ బడి పిల్లలే. గేటొస్తే ఇక్కడెక్కడో ఉన్న కొట్టు పోతుందని వాడి ఏడుపు."

"ఆయన అనండి" అంది ఇంజనీరమ్మ.

అన్నదే గానీ, అలాగే అయి ఉంటుందని తనకూ అనిపించింది. ఎవరి స్వార్థం వాళ్ళది. లెక్క మాత్రం నిజం.

"గేటు వెనక వీధికి మార్చండి."

"అది ఇరుకు మేడం. చాలదు."

"కొలిచి చూద్దాం."

టేపు రెండో కొస పట్టుకోవడానికి, అప్పటిదాకా సందు మొదట్లో ఓ పక్కన నిలబడి చూస్తున్న పెద్దాయన ముందుకొచ్చాడు. వెనక వీధిలో గోడకు ఆనుకుని ఒక రేకుల డబ్బా ఉంది. బోర్డు లేదు. తలుపుకు తాళం. అది ఉంటే దారి పద్నాలుగు అడుగులు, లేకపోతే ఇరవై రెండు.

"చెప్పానా!" అన్నాడు బిల్డరు మనిషి.

"ఇది తీస్తే ఎవరైనా గొడవ చేస్తారా?" అని అడిగింది ఇంజనీరమ్మ.

"ఎవరూ చెయ్యరమ్మా. రేకులే కదా" అన్నాడు పెద్దాయన, టేపు చుడుతూ. "రాసుకోండి."

ఆమె రాసుకుంది.

రెండేళ్ళకు భవనాలు లేచాయి. ఆఖరి తనిఖీకి వచ్చిన ఇంజనీరమ్మ పనిగట్టుకుని బడి వేళకే వచ్చి, సందులో కాసేపు నిలబడింది. పిల్లలు ముగ్గురు నలుగురు చేతులు పట్టుకుని, సందంతా తమదే అయినట్టు నడిచిపోతున్నారు. ఒక్క కారు కూడా లేదు.

ఆ సాయంత్రం తన సంతకం పడి ఉంటే?

ఆయనకు దండం పెట్టాలనిపించింది. మనసులోనైనా ఆయన్ని స్వార్థపరుడని అనుకున్నందుకు మన్నించమనాలనీ అనిపించింది.

సందు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రెండుసార్లు వెతికింది. సైకిల్ కొట్టు ఎక్కడా కనబడలేదు. బడి గేటు దగ్గరున్న ఆయమ్మను అడిగింది.

"పంక్చరా అమ్మా?"

"కాదు. ఆయనకొక మాట చెప్పుకోవాలి."

"కొట్టెక్కడిదమ్మా ఇప్పుడు! సామాన్లన్నీ సైకిలుకు కట్టుకుని వీధి వీధీ తిరుగుతున్నాడు. ఏ పూట ఎటుంటాడో ఆయనకే తెలీదు."

"ఇదివరకు ఈ సందులో ఎక్కడుండేది?"

"ఈ సందులో ఎప్పుడుంది?" అంటూ ఆయమ్మ ఆమెను భుజం పట్టి వెనక వీధి వైపు తిప్పింది. "ముప్పై ఏళ్ళు అదిగో, ఇప్పుడు కార్లు బయటికొస్తున్నాయే, ఆ గేటు నడుమ ఉండేదమ్మా, ఎవరో ఇంజనీరమ్మ వచ్చి కొలుచుకుని వెళ్ళిన మర్నాడే తన చేతులతో తనే విప్పేసుకున్నాడు."