కోతల జాబితా

బొగ్గు లేని 2050లో కరెంటు మార్కెట్ ఎలా నడుస్తుందన్నది ప్రవళిక పీహెచ్‌డీ. గాలి ఆగిపోయి, బ్యాటరీలు అడుగంటిన రాత్రి ముందుగా ఎవరికి కోత పెట్టాలో ఆమె మోడల్ నిర్ణయిస్తుంది. వాడకం లెక్కలు ఎక్కడా దొరక్క, రాయదుర్గంలో తాను పనిచేసే ఆఫీసు టవర్ మీటర్ లెక్కలే అందులో పోసింది.

రాత్రి రెండింటికి జాబితా వచ్చింది. మొదటి కోత: పదకొండో అంతస్తు, 2.14.

సరిగ్గా 2.14కి ఆమె కూర్చున్న పదకొండో అంతస్తులో లైట్లు ఆరిపోయాయి. ఏసీ హోరు ఆగింది. కిటికీ అవతల ఊరంతా వెలుగుతూనే ఉంది.

ఫోన్ మోగింది. కింద సెక్యూరిటీలో ఉండే మల్లయ్య.

"మేడమ్, అన్ని ఫ్లోర్లల్ల కరెంటుంది. మీకొక్కలకే పోయింది, ఏంది గిట్ల? జర ఆగుండ్రి, లిఫ్ట్‌ల పైకొస్తున్న."

పెట్టేశాడు. ఆమె లాప్‌టాప్ వైపు చూసింది. రెండో కోత: లిఫ్టు, 2.19.

ఆ టవర్‌లో లిఫ్టుకు విడిగా మీటరే లేదు. ఆమె పోసిన లెక్కల్లో లిఫ్టు అన్న పేరే లేదు.

తెర మూలన గడియారం 2.18 చూపిస్తోంది. మల్లయ్యకు ఫోన్ చేసింది. చీకట్లో లిఫ్టు తలుపుల వెనక నుంచి రింగు సన్నగా వినిపించింది. అంతస్తు అంతస్తుకీ పెరుగుతూ పైకి వచ్చింది.

ఇంకా మోగుతూనే ఉంది. దగ్గరికి రావడం మాత్రం ఆగిపోయింది.