బీరతీగ జాగ

గడ్డపార మళ్లీ ఠంగుమంది. ఆకాష్ అరచేతులు ఊదుకున్నాడు. గోపన్‌పల్లిలో కట్టించుకున్న కొత్త ఇంటి వెనక కూరగాయలు పెడదామని మూడు ఆదివారాలుగా తవ్వుతుంటే, జానెడు గుంత కూడా పడలేదు.

పనికి వచ్చే కొమురమ్మ గిన్నెలు తోముతూ నవ్వింది. "ఏంది సారు, బోరు ఏస్తున్నవా?"

"అంతా బండే కొమురమ్మా. ఎండ మంచిగ పడే జాగ ఇదేనని ఫోన్ల చూసిన."

"ఫోన్‌కేం ఎరుక? అది బండ కాదు. మీ స్లాబుకు మాలు కలిపిన జాగ. మిగిలిన సిమెంటంత ఆడనే గడ్డ కట్టింది."

"నీకెట్ల తెలుసు?"

"కలిపినోళ్లల్ల నేనూ ఉంటి గద." ఆమె చేతులు తుడుచుకుంటూ లేచి, ప్రహరీ మూలను కాలితో చూపించింది. "జర ఈడ పొడువు."

పొడిచాడు. గడ్డపార మూరెడు దిగింది. బూడిద కలిసిన మెత్తని మట్టి పైకి లేచింది.

"ఈడ మా గుడిసె ఉండె. రాళ్లన్ని ఏరి, పొయ్యి బూడిద పోసి, బీరతీగ పెట్టిన."

"మరి కాసిందా, ఉత్త ముచ్చటేనా?" ఆకాష్ కూడా ఆటపట్టించాడు.

"పూత మంచిగనే వచ్చింది సారు. గంతల మీ గృహప్రవేశం దగ్గరపడ్డది. గుడిసె పీకమన్నరు."

ఆకాష్ గడ్డపారను గోడకు ఆనించాడు. తర్వాత విత్తనాల సంచిలో వెతికి, బీర గింజల పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

కొమురమ్మ మూలన గొంతుకూర్చుని, వేలితో మట్టిలో గుంత చేసింది.

"పెడత గని, ఈసారి కాయ తెంపేదాక ఇల్లు అమ్మకు సారు."