పటం లేని గోడ

"గోడ బోసిపోయిందేం బుప్ఫా?" పచ్చిబొప్పాయి కారం నములుతూ అడిగింది పక్కింటి విలాయ్.

రాజుగారి పటం ఉండే చోటది.

"నిన్న అద్దం పగిలిందక్కా. బాగుచెయ్యడానికిచ్చాను."

"బ్యాంకాక్ నుంచి అమ్మాయి రాగానే పటం పోయిందన్నమాట! అక్కడి పిల్లలు రాజెందుకు, ఓట్లేసి ఎన్నుకుందాం అంటున్నారటగా?"

"అడిగితే తప్పా పెద్దమ్మా?" అంది కూతురు దారిన్.

"నోర్ముయ్!" అని అరిచింది బుప్ఫా.

విలాయ్ నవ్వుతూ లేచి, ఫోన్‌తో గోడను ఫొటో తీసింది. ఫొటోలో దారిన్ కూడా పడింది. "ఊరికేలే," అంటూ వెళ్ళిపోయింది.

బుప్ఫా తలుపు గడియపెట్టింది. "రాజుగారిని తక్కువచేశారంటే జైలే, పోలీసులకి ఆ ఫొటో చాలు. బట్టలు సర్దుకో. మధ్యాహ్నం బస్సుకే మీ పిన్ని దగ్గరికి వెళ్ళిపో."

"రాజంటే మనకి ప్రేమేగానీ భయం కాదని పొద్దున్నేగా నాతో పోట్లాడావు?"

"నాకు ప్రేమే. ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పకుండానే దణ్ణం పెట్టుకున్నాను." బుప్ఫా ఖాళీ గోడ వంక చూసింది. "ఇవాళ ఆ ప్రేమకి విలాయ్ ముందు సంజాయిషీ చెప్పుకున్నాను."

దారిన్ సంచీ సర్దుతుంటే, బుప్ఫా మెల్లగా అడిగింది. "మీరన్నట్టు రాజు లేకపోతే, ఇలాంటి విలాయ్‌లు ఉండరా?"

"తెలీదమ్మా. అది నలుగురిలో అడగనివ్వమనే మా గొడవ."

వీధిలో జీపు ఆగింది. చెప్పుల చప్పుడు కాదు, బూట్ల చప్పుడు వినిపించింది.

బుప్ఫా కూతురికి పెరటి తలుపు చూపించింది. అది మూసుకునేదాకా ఆగి, జుట్టు సరిచేసుకుని, వీధి తలుపు తియ్యడానికి వెళ్ళింది.