ఇద్దరిదీ ఒకే మాట

“వీడే!” అంది టైలర్ గారి భార్య, స్టేషన్‌లో గోడవారగా నిలబెట్టిన కుర్రాళ్ళలో ఉంగరాల జుట్టు అబ్బాయిని వేలెత్తి చూపిస్తూ.

ఆ అబ్బాయి మొహం పాలిపోయింది. “నేను కాదు పెద్దమ్మా! ఆ టైముకి గోడౌన్లో పెట్టెలు దించుతున్నాను.”

“బాగా ఆలోచించుకోండి,” అంది ఇన్‌స్పెక్టర్. “మందుల షాపు ముందు ఆ అమ్మాయి బ్యాగు లాక్కుని బండి మీద పారిపోయింది ఇతనేనా? మీరు అవునంటే జైలుకి పోతాడు.”

“ఆలోచించడానికేముందమ్మా? నూటికి నూరుపాళ్ళూ వీడే.”

ఆవిణ్ణి పక్కగదిలో కూర్చోబెట్టి టైలర్ గారిని పిలిచారు. చొక్కా మార్చుకోవాలన్నా భార్యనడిగే మనిషి, ఇక్కడ మాత్రం గబగబా నడిచి అదే అబ్బాయి ముందు ఆగాడు.

“ఇతనేనమ్మా. అనుమానమే లేదు.”

ఆ అబ్బాయి గోడకి జారబడిపోయాడు. ఇన్‌స్పెక్టర్ మొహం మాత్రం వెలిగిపోయింది. నిలబడ్డవాళ్ళలో ఉంగరాల జుట్టు ఆ ఒక్కడికే ఉందన్న సంగతి ఆవిడకి తట్టనేలేదు. పాపం, ఆవిణ్ణీ అనడానికి లేదు. నీళ్ళు నమిలే సాక్షులతో వేగి వేగి విసిగిపోయిన మనిషికి, ఇంత ఖరాఖండీగా చెప్పేవాళ్ళు దొరికితే ప్రాణం లేచొచ్చినట్టుండదూ?

“మేడమ్, వాళ్ళమ్మ పొద్దుట్నుంచీ బయట బెంచీ మీదే కూర్చుని ఏడుస్తోంది. గోడౌన్ వాళ్ళని ఒకసారి అడిగి చూద్దామా?” అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

“విడివిడిగా అడిగితే ఇద్దరూ ఒకే మనిషిని చూపించారు. ఒక్కరైనా తడుముకున్నారా? ఇంకేం కావాలయ్యా?”

దంపతులిద్దర్నీ తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించింది. టైలర్ గారు భార్య గ్లాసందుకుని, ఊది చల్లార్చి, ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ వయసులో ఆ జంటని చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. ఇన్‌స్పెక్టర్‌కీ ముద్దొచ్చింది. నవ్వుతూ కాగితం ముందుకు జరిపింది.

“ఇక్కడ సంతకాలు పెట్టేస్తే ఇంటికెళ్ళిపోవచ్చు పెద్దమ్మా. మీలాంటి సాక్షులుంటే మాకు సగం పని తప్పుతుంది.”

పెద్దావిడ మురిసిపోతూ పెన్ను అందుకుంది. “నాదేముంది తల్లీ! మా ఆయన చూశారంటే ఇక తిరుగుండదు.”

“అదేమిటి? మీరూ చూశారుగా?”

“కళ్ళజోడు పెట్టుకుని రోడ్డు దాటితే నాకు తల తిరుగుతుంది. అందుకే తీసి సంచిలో వేసుకుంటాను. బండి మీద ఏదో నల్లగా, మసగ్గా పోయింది. ఉంగరాల జుట్టులా అనిపించి, ‘ఉంగరాల జుట్టు వాడేనాండీ?’ అని అడిగితే ఈయన ఊఁ అన్నారు. ఈయన నోటివెంట పొల్లు మాట రాదు తల్లీ, నా మాట నమ్ము.”

ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని చటుక్కున వెనక్కి లాక్కుని టైలర్ గారి వైపు తిరిగింది.

“అయితే వాణ్ణి చూసింది మీరొక్కరేనా పెదనాన్నగారూ?”

టైలర్ గారు అయోమయంగా భార్యకేసి చూశాడు.

“నువ్వు చూశావనే కదే నేను ఊఁ అన్నాను! వాణ్ణి నేనెక్కడ చూశానూ? ఎక్కడ తూలిపడతావోనని, రోడ్డు దాటేదాకా నిన్నే చూస్తున్నాను.”