మూడో పేరా

ఆఫీసు నిర్వహణ డిప్లొమా పరీక్ష రేపే. గుమాస్తాగా పనిచేసే ఆమెకిది మూడోసారి, ఆఖరిసారి కూడా. ఇప్పుడూ తప్పితే, తాను దగ్గరుండి పని నేర్పినవాడే తనకు అధికారై కూర్చుంటాడు. ఇంట్లో చదువు సాగక ఆమె ఆ రాత్రి ఆఫీసులోనే ఉండిపోయింది.

“రెండుసార్లు తప్పారు కదక్కా, ఈసారి ఆ పుస్తకానికైనా మీ మీద జాలి కలగాలి,” అని నవ్వుతూ వాచ్‌మన్ కిందికి దిగి గేటుకు తాళం వేశాడు.

ఆమె ఒక జవాబును అచ్చం ఫైలులో నోటు పెట్టినట్టే రాసింది. అలవాటుగా అడుగున సంతకం చేసి, మంచినీళ్లు తాగడానికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి సంతకం కింద ఆకుపచ్చ సిరాతో ఒక వాక్యం ఉంది: ‘మూడో పేరాలో పస లేదు, మళ్లీ రాయండి.’

అక్కడ ఆకుపచ్చ సిరా వాడేది పై అధికారి ఒక్కరే. ఆ కుర్చీ ఆర్నెల్లుగా ఖాళీ. సిరా మాత్రం ఇంకా ఆరలేదు.

కిటికీలోంచి కేకేసింది. “పైకి ఎవరైనా వచ్చారా?”

“ఈ వేళప్పుడు మీరు తప్ప దెయ్యం కూడా రాదక్కా!”

సంచీ భుజాన వేసుకుని, తలుపు దాకా నడిచి ఆగిపోయింది. పద్నాలుగేళ్లలో వేల నోట్లు పెట్టింది. ఒక్కరూ మూడో పేరా దాకా చదివిన పాపాన పోలేదు.

వెనక్కి వచ్చి కూర్చుని, ఆ పేరా కొట్టేసి మళ్లీ రాయసాగింది. వీపు వెనక ఎవరో పెన్ను మూత తీసిన చప్పుడైంది.

ఆమె తల తిప్పలేదు.

“ఒక్క నిమిషం సార్,” అంది. “అయిపోతోంది.”